పాత 500 ఇంజన్‌ని కొత్త ఫ్రేమ్‌లో ఎక్కించాలా? ఏ ఫ్రేమ్ తీసుకోవాలి, ఎవరు ఆగాలి

అమెరికాలో ఉంటూ వీకెండ్ రాగానే బండిని ట్రక్కులో ఎక్కించుకుని ఎడారికో ఇసకదిబ్బలకో పోయే మన డర్ట్ బైక్ జనానికి ఏదో ఒక రోజు ఈ పిచ్చి పట్టుకుంటుంది, హోండా సీఆర్ 500 ఇంజన్ తెచ్చి అల్యూమినియం ఫ్రేమ్‌లో పెడితే ఎలా ఉంటుంది అని. ఇలాంటి బళ్ళని సీఆర్ 500 ఏఎఫ్ (అల్యూమినియం ఫ్రేమ్) అంటారు. హోండా కంపెనీ ఇలాంటిది ఎప్పుడూ అమ్మలేదు, ఇండియానా రాష్ట్రంలో సర్వీస్ హోండా అనే డీలర్ వీటిని కట్టి అమ్మేవాళ్ళు, మిగతావి చాలావరకు జనం సొంత గ్యారేజీల్లో కట్టుకున్నవే.

ముందే నా మాట చెప్పేస్తా, తర్వాత ఓపిక ఉంటే కారణాలు చదవండి. తొక్కేది ఇసుక, ఎడారి, పెద్ద పెద్ద ఎత్తులు అయితే 2002 నుంచి 2007 మధ్య వచ్చిన సీఆర్ 250 ఫ్రేమ్ తీసుకోండి. మనసు కవాసాకి మీద ఉంటే కేఎక్స్ 500 ఇంజన్‌కి 2006–08 కేఎక్స్ 450ఎఫ్ ఫ్రేమ్. అడవిలో చెట్ల మధ్య సన్న ట్రైల్స్ తొక్కేవాళ్ళు ఈ పని అసలు పెట్టుకోవద్దు. అల్యూమినియం వెల్డింగ్ బాగా వచ్చినవాడు, మిల్లింగ్ మిషన్ ఉన్నవాడు దగ్గర్లో లేకపోతే కూడా వద్దు, ఆల్రెడీ కట్టి నడుస్తున్న బండి కొనుక్కోండి, అది ఎంత ఖరీదు అనిపించినా చివరికి అదే చవక పడుతుంది.

అసలు ఈ స్వాప్ (ఇంజన్‌ని వేరే ఫ్రేమ్‌లోకి మార్చడం) అనే ఆలోచన ఎందుకొచ్చిందంటే దాని వెనక ఓ చరిత్ర ఉంది. 500 సీసీ మోటోక్రాస్ అంటే ఒకప్పుడు పెద్ద క్లాస్, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో డేవ్ థార్ప్, ఎరిక్ గేబోర్స్, జార్జ్ జోబే వీళ్ళంతా హోండా 500 మీద టైటిళ్ళు కొట్టినవాళ్ళే. అమెరికాలో ఏఎంఏ (అక్కడి మోటార్‌సైకిల్ సంఘం) 500 నేషనల్స్ 1993తో ఆగిపోయాయి, ఆ చివరి టైటిల్ మైక్ లరాకో కవాసాకి మీద కొట్టాడు. రేసులు పోయాక కంపెనీలు ఈ బళ్ళ మీద కొత్తగా డబ్బు పెట్టడం మానేశాయి. అమ్మకం మాత్రం ఆపలేదు, సీఆర్ 500 2001 మోడల్ దాకా, కేఎక్స్ 500 2004 దాకా వచ్చాయి కానీ ఫ్రేమ్ మాత్రం ఎప్పటిదో పాత స్టీలు ఫ్రేమే. ఈలోపు సీఆర్ 250కి 1997లోనే అల్యూమినియం ఫ్రేమ్ వచ్చేసింది. అంటే ఒకే షోరూంలో తమ్ముడికి కొత్త చొక్కా, అన్నకి పాత చొక్కా. అక్కడి నుంచి మొదలైంది, కంపెనీ చెయ్యని పని మనం చేద్దాం అని.

ఇంజన్ సంగతి కొంచెం. సీఆర్ 500 అంటే 491 సీసీ, బోర్ 89 స్ట్రోక్ 79 మిల్లీమీటర్లు, టూ స్ట్రోక్ సింగిల్, ఐదు గేర్లు, సెల్ఫ్ స్టార్ట్ లేదు, కిక్ ఒక్కటే. బ్యాలెన్సర్ (వణుకు తగ్గించే బరువు) లేదు, తర్వాతి మోడళ్ళలో పవర్ వాల్వ్ (ఇంజన్ వేగాన్ని బట్టి ఎగ్జాస్ట్ దారిని మార్చేది) కూడా లేదు. పవర్ 60 హార్స్‌పవర్ దగ్గర్లో, బండి బరువు 100 కిలోల చుట్టూ. మీరు రోడ్డు మీద 60 హార్స్‌పవర్ బండి నడిపి ఉండొచ్చు, దాని బరువు దీనికి దాదాపు రెండింతలు ఉంటుంది, పైగా అది మెల్లగా ఎక్కుతుంది. ఇది అలా కాదు, థర్డ్ గేర్‌లో ఇసకలో పోతూ కొంచెం తిప్పినా ముందు చక్రం లేస్తుంది. కేఎక్స్ 500 ఏమో 499 సీసీ, బోర్ స్ట్రోక్ రెండూ 86, దాంట్లో కవాసాకి వాళ్ళ కిప్స్ పవర్ వాల్వ్ ఉంది కాబట్టి కింద నుంచి కాస్త నున్నగా లాగుతుంది, అందుకే ఎడారి రేసర్లకి అదంటే ప్రాణం, 1980ల చివరి నుంచి 1990ల మధ్య దాకా మెక్సికోలో జరిగే బాజా 1000 ఎడారి రేసులో దాని హవానే నడిచింది.

ఇప్పుడు ఆప్షన్లు చూద్దాం.

మొదటిది, ఏమీ మార్చకుండా పాత సీఆర్ 500నే బాగు చేసుకోవడం. చాలామంది దీన్ని లెక్కలోకే తీసుకోరు, నా ఉద్దేశంలో తప్పు. స్టీలు ఫ్రేమ్‌కి ఓ మంచి గుణం ఉంది, బ్యాలెన్సర్ లేని ఈ ఇంజన్ వైబ్రేషన్‌ని కొంత మింగేస్తుంది, పగిలినా ఊళ్ళో ఏ వెల్డరైనా అతికిస్తాడు. కొత్త బండి ముందు ఫోర్కులు ట్రిపుల్ క్లాంప్‌తో (ఫోర్కుల్ని పట్టి ఉంచే బిగింపు) సహా తెచ్చి పెట్టి, వెనక షాక్ రీవాల్వ్ (లోపలి వాల్వుల సెట్టింగ్ మార్పు) చేయించి, స్ప్రింగులు మీ బరువుకి తగ్గట్టు మారిస్తే బండి సగం మారిపోతుంది. ఫ్రేమ్ కోయాల్సిన పని లేదు, రీసేల్ వాల్యూ కూడా పోదు, ఎందుకంటే ఒరిజినల్ సీఆర్ 500 ఇప్పుడు కలెక్టర్లు ఎగబడి కొంటున్న బండి. పూర్తిగా ఉన్న మంచి బండి మీ చేతికి వస్తే దాన్ని విప్పి ఇంజన్ పీక్కోవడం మాత్రం దయచేసి చెయ్యకండి. స్వాప్‌కి ఇంజన్ కావాలంటే ఫ్రేమ్ వంగిపోయిన బండో, విడిగా అమ్ముతున్న ఇంజనో వెతుక్కోండి.

రెండోది సీఆర్ 250 అల్యూమినియం ఫ్రేమ్. ఇందులో మూడు తరాలు ఉన్నాయి, 1997–99, 2000–01, 2002–07. మొదటి తరం ఫ్రేమ్ మరీ బిగుసుకుపోయి ఉంటుందని అప్పట్లో రైడర్లు తిట్టుకున్నారు, చిన్న రాయి తగిలినా చేతుల్లోకి కొట్టేది, అలాంటి దాంట్లో ఈ వణికే ఇంజన్ పెడితే గంట తిరిగేసరికి వేళ్ళు మొద్దుబారతాయి. మూడో తరం ఫ్రేమ్ సన్నబడింది, కొంచెం ఒదుగుతుంది, ముందు షోవా 47 మిల్లీమీటర్ ఫోర్కులు వచ్చాయి, ఆ కాలం సీఆర్‌ఎఫ్ 450 సామాన్లు చాలా దీనికి సరిపోతాయి కాబట్టి ఫోర్కులు, చక్రాలు, బ్రేకులు సెకండ్ హ్యాండ్‌లో ఈజీగా దొరుకుతాయి. అన్నిటికన్నా పెద్ద ప్లస్ ఏంటంటే ఇది టూ స్ట్రోక్ కోసం పుట్టిన ఫ్రేమ్, పైపు పోవడానికి దారి ఉంది, ఎయిర్‌బాక్స్ కార్బురేటర్‌కి ఎదురుగానే ఉంటుంది, ట్యాంకుకి మామూలు పెట్రోల్ కాక్ ఉంటుంది. ఈ ఫ్రేమ్ మీద ఇప్పటికే చాలా బళ్ళు కట్టారు కాబట్టి దానికని చేసిన ఇంజన్ మౌంట్లు, పైపులు కూడా వెతికితే దొరుకుతాయి.

మూడోది సీఆర్‌ఎఫ్ 450 ఫ్రేమ్, అంటే ఫోర్ స్ట్రోక్ ది. కాగితం మీద ఇదే బెస్ట్ అనిపిస్తుంది, కొత్తది, దొరకడం ఈజీ, ఇంజన్ సీజ్ అయి మూలన పడేసిన 450లు ఎక్కడ చూసినా అమ్మకానికి ఉంటాయి, చవకగా కూడా వస్తాయి. కానీ ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌కి కార్బురేటర్ పైన హెడ్ ఎత్తులో ఉంటుంది, టూ స్ట్రోక్‌కి సిలిండర్ వెనక కిందుగా ఉంటుంది, కాబట్టి ఎయిర్‌బాక్స్ నుంచి వచ్చే రబ్బరు బూట్ ఎత్తు కుదరదు, దాన్ని మళ్ళీ చేయించుకోవాలి, లేదంటే గాలి లీకై ఇంజన్ లీన్‌గా (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) నడిచి పిస్టన్ పట్టేస్తుంది. ముందు వైపు కూడా అంతే, సన్నటి హెడర్ పోవాల్సిన చోట లావాటి ఎక్స్‌పాన్షన్ చాంబర్ (టూ స్ట్రోక్ ఉబ్బు పైపు) దూరాలి. 2009 నుంచి 450కి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది కాబట్టి ఆ ట్యాంకులో పంపు ఉంటుంది, మన కార్బురేటర్‌కి పై నుంచి కిందకి దానంతటదే పెట్రోల్ రావాలి, అంటే ట్యాంకు కూడా మార్చాలి. ఇవన్నీ చెయ్యలేని పనులు కావు, చేసినవాళ్ళు ఉన్నారు, కానీ ఫ్రేమ్‌లో మిగిల్చిన డబ్బు ఇక్కడ రెండింతలై పోతుంది. తీసుకుంటే 2002–08 కార్బురేటర్ 450 ఫ్రేమ్ తీసుకోండి, ఆ తర్వాతవి ఫాబ్రికేషన్ మీ వృత్తి అయితేనే.

కేఎక్స్ వాళ్ళకి ఇదే లెక్క. కేఎక్స్ 250 టూ స్ట్రోక్‌కి కవాసాకి అల్యూమినియం ఫ్రేమ్ ఇవ్వలేదు, కాబట్టి దారి ఫోర్ స్ట్రోక్ ఫ్రేములే, 2006లో వచ్చిన కేఎక్స్ 450ఎఫ్ లేదా దాని తమ్ముడు 250ఎఫ్. 450ఎఫ్‌కి 2009లో ఇంజెక్షన్ వచ్చింది కాబట్టి మధ్యలో ఉన్న మూడేళ్ళ ఫ్రేములు చూస్కోండి. పని హోండా కన్నా ఎక్కువే, కానీ నాకు పర్సనల్‌గా పొడవాటి ఎడారి రైడ్‌కి ఆ ఇంజనే ఇష్టం, త్రాటిల్ మీద నమ్మకం ఉంటుంది.

డబ్బు నిజంగా పోయేది ఎక్కడంటే

ఇంజన్ కొన్నాం, ఫ్రేమ్ కొన్నాం, ఇంకేముంది అనుకుంటారు. ఈ రెండూ కలిపినా బిల్లులో సగం రాదు, మిగతాది వాటి మధ్యలో ఉండే వాటికే పోతుంది. మౌంట్ ప్లేట్లు, హెడ్ స్టే (ఇంజన్ పై భాగాన్ని ఫ్రేమ్‌కి బిగించే పట్టీ), పైపు, సైలెన్సర్, రేడియేటర్ గొట్టాలు, ఇన్‌టేక్ బూట్, కేబుళ్ళు, స్పేసర్లు, స్ప్రాకెట్లు.

పని ఎలా మొదలవుతుందో చెప్తా. ఇంజన్ మొత్తం ఎత్తి ఫ్రేమ్‌లో పెట్టి కొలిచే పని పెట్టుకోకూడదు, నడుం పోతుంది. క్రాంకు, గేర్లు ఏమీ లేని ఖాళీ ఇంజన్ కేసులు (బయటి పెంకులు) రెండూ బిగించి అవి మాత్రమే పెట్టాలి. మొదట వెనక స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి) బోల్టు దూర్చాలి, ఎందుకంటే ఈ ఇంజన్ కేసు వెనక భాగం గుండానే ఆ బోల్టు పోతుంది. ఇక్కడే మొదటి సమస్య, కేసు వెడల్పుకీ ఫ్రేమ్ లోపలి వెడల్పుకీ తేడా ఉంటే కేసు బాస్‌ని మిల్లింగ్‌లో కొంచెం కొంచెంగా తియ్యాలి. ఎక్కువ తీశారంటే స్పేసర్ వెయ్యాలి, కుడి వైపు ఎంత ఎడమ వైపు ఎంత తీస్తున్నాం అనేది ముందే లెక్కేసుకోవాలి, ఎందుకంటే చైన్ లైన్ (ముందు వెనక స్ప్రాకెట్లు ఒకే వరసలో ఉండటం) అక్కడే ఫిక్స్ అయిపోతుంది. తర్వాత వెనక చక్రం, స్ప్రాకెట్, ముందు స్ప్రాకెట్ పెట్టి వెనక స్ప్రాకెట్ చదునుగా ఉన్న వైపు ఓ పొడవాటి స్ట్రెయిట్ స్టీల్ స్కేలు ఆనించి ముందుకి చూడాలి, ముందు స్ప్రాకెట్ దానికి అతుక్కుని ఉండాలి. రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకి ఉన్నా ఈ పవర్‌కి చైన్ ఊడుతుంది, ఊడి స్ప్రాకెట్ వెనక ముద్దగా ఇరుక్కుంటే కేసు పగిలిపోతుంది, సీఆర్ 500 కేసులు ఇప్పుడు షాపులో కొత్తవి దొరికే వస్తువు కాదు.

చైన్ లైన్ కుదిరాక ఇంజన్ ముందు భాగం ఎంత ఎత్తులో ఉండాలో తేల్చాలి. పైకి లేపితే హెడ్ మీద స్పార్క్ ప్లగ్ తియ్యడానికి ట్యాంకు అడ్డం, కిందకి దించితే ఫ్రేమ్ కింది పట్టీ తగులుతుంది, ముందుకి తిప్పితే పైపు ఫ్రేమ్‌కి ఆనుతుంది. అవసరమైతే కింది పట్టీ కోసి మళ్ళీ కట్టాలి, అక్కడే మంచి టిగ్ వెల్డర్ కావాలి, హీట్ ట్రీట్ చేసిన అల్యూమినియం వెల్డింగ్ వేడికి అతుకు చుట్టుపక్కల మెత్తబడుతుంది, చూడ్డానికి అతుకు అందంగానే ఉంటుంది, ఆరు నెలల తర్వాత దాని పక్కన గీతలాగా పగులు కనిపిస్తుంది. అందుకే వీలైనంత వరకు ఫ్రేమ్ వెల్డింగ్ తగ్గించి బోల్టు వేసే ప్లేట్లతో పని గడిపే డిజైన్ ఎంచుకోండి. వేరేవాళ్ళు కట్టిన బండి కొంటున్నా సరే, సీటు, ట్యాంకు తీయించి హెడ్ స్టే, ముందు మౌంటు, కింది పట్టీ అతుకులు టార్చిలైట్ వేసి చూడండి, పెయింట్ కొత్తగా ఉందంటే ఇంకా అనుమానంగా చూడండి.

పైపు విషయంలో మాత్రం జుగాడ్ పనికిరాదు. టూ స్ట్రోక్ పైపు అంటే పొగ బయటికి పోయే గొట్టం మాత్రమే కాదు, దాని ఉబ్బు, పొడవు, కోన్ల కొలత బట్టి లోపల ప్రెషర్ అల తిరిగి వచ్చి బయటికి పోబోతున్న తాజా మిక్స్‌ని మళ్ళీ సిలిండర్‌లోకి నెడుతుంది. రేడియేటర్‌కి తగుల్తుందని ఓ చోట నొక్కేసి, ఇంకో చోట కోసి అతికిస్తే పవర్ ఏ ఆర్‌పీఎంలో వస్తుందో మీకే తెలీదు. ఏఎఫ్ కోసమే చేసిన పైపు దొరికాకే పని మొదలుపెట్టండి, ఫ్రేమ్ తర్వాత కొన్నా పర్లేదు.

ఇంజన్ కొనేటప్పుడు కంప్రెషన్ ఒక్కటే చూసి నమ్మేయకండి. సిలిండర్ తీసి ప్లేటింగ్ గీతలు పడిందా, కనెక్టింగ్ రాడ్ పైకి కిందకి లూజు ఉందా, కిక్ గేర్ పళ్ళు అరిగాయా, ముందు స్ప్రాకెట్ వెనక కేసు మీద పాత వెల్డింగ్ ఉందా, ఈ నాలుగూ చూడాలి. ప్లేటింగ్ మళ్ళీ వేయించుకోవచ్చు, వైసెకో లాంటి వాళ్ళ పిస్టన్లు ఉన్నాయి, కేసులు, గేర్లు, సీడీఐ (స్పార్క్ ఇప్పించే ఎలక్ట్రానిక్ డబ్బా) లాంటివి పోతేనే వెతుకులాట.

ఇంకోటి, కిక్. మోకాలు బాగోలేనివాళ్ళు ముందు ఫ్రెండ్ బండి మీద ఓసారి కొట్టి చూసి అప్పుడు డిసైడ్ అవ్వండి. మెల్లగా నొక్కుతూ పిస్టన్ పైకొచ్చి గట్టిపడ్డ చోటు దాటించి, కిక్ పైకి తెచ్చుకుని, పూర్తి బరువుతో కింద దాకా తొక్కాలి. సగంలో ఆపితే వెనక్కి తంతుంది. మోటోక్రాస్ బూట్లు లేకుండా అస్సలు కొట్టొద్దు, సందులో షార్ట్స్ వేసుకుని స్టార్ట్ చేసి చూపించే సరదాలు వద్దు.

కాలిఫోర్నియా వాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట, అక్కడ బండి ఏ సంవత్సరానిది అనేది ఫ్రేమ్ నంబరు బట్టే. ఒకప్పుడు 2002, అంతకు ముందు మోడల్ ఫ్రేములకి గ్రీన్ స్టిక్కర్ (ఏడాది పొడవునా తొక్కొచ్చు) వచ్చేది, 2003 నుంచి రేసు మోడళ్ళకి రెడ్ స్టిక్కర్ (కొన్ని చోట్ల కొన్ని నెలలే తొక్కనిచ్చేవాళ్ళు) ఇచ్చేవాళ్ళు, ఆ రెడ్ స్టిక్కర్ పద్ధతి తర్వాత ఎత్తేశారు. కాబట్టి ఫ్రేమ్ కొనే ముందు రిజిస్ట్రేషన్ రూలు ఇప్పుడెలా ఉందో కనుక్కోండి. ఏ రాష్ట్రమైనా సరే, టైటిల్ (బండి ఓనర్ కాగితం) గానీ కనీసం బిల్ ఆఫ్ సేల్ గానీ లేని ఖాళీ ఫ్రేమ్ కొనకండి, దొంగబళ్ళు ఎక్కువగా విడిభాగాలుగానే అమ్ముడవుతాయి.

ఇవన్నీ చదివాక కూడా "మరి నేను ట్రైల్స్ కూడా తొక్కుతా కదా" అనేవాళ్ళకి కేటీఎం 300 చూడమని చెప్తా. 293 సీసీ, 2017 నుంచి బ్యాలెన్సర్ ఉంది, బటన్ నొక్కితే స్టార్ట్, హైడ్రాలిక్ క్లచ్, ఏ పార్టు కావాలన్నా డీలర్ దగ్గర ఉంటుంది. 500కి ఉన్న ఆ పిచ్చి లాగుడు దీనికి లేదు, నిజమే, కానీ రాళ్ళ మధ్య ఎక్కుతున్నప్పుడు ఆ లాగుడే మనల్ని కింద పడేసేది. నాలుగు గంటలు తొక్కి కూడా చేతులు ఇంకా పనిచేస్తూ ఇంటికి వచ్చే బండి ఏదంటే ఇదే.

మన ఊళ్ళో ఉన్నవాళ్ళ సంగతి

హైదరాబాద్, వైజాగ్ నుంచి అడిగేవాళ్ళకి సీఆర్ 500 ఊసే వద్దు, మూడేళ్ళు దాటిన సెకండ్ హ్యాండ్ బండి ఇండియాకి ఇంపోర్ట్ చెయ్యనివ్వరు. మన దగ్గర దీనికి దగ్గరగా జనం చేసింది హీరో ఇంపల్స్‌లో కరిజ్మా ఇంజన్. ఐడియా తమాషాగా ఏం లేదు, కరిజ్మా 223 సీసీ ఇంజన్ బోర్ 65.5 స్ట్రోక్ 66.2, హోండా సీఆర్‌ఎఫ్ 230 డర్ట్ బైక్ కొలతలు కూడా అవే, కాబట్టి అది పుట్టుకతోనే మట్టి ఇంజన్. 2011లో వచ్చిన ఇంపల్స్‌కి సస్పెన్షన్ బాగుంది కానీ 150 సీసీ ఇంజన్ 13 హార్స్‌పవర్‌తో ఎత్తుల్లో చతికిలపడేది, కరిజ్మాది 17, పైగా కింది నుంచి టార్క్.

అప్పట్లో అది అర్థం ఉన్న పనే. ఇప్పుడు మాత్రం హీరో వాళ్ళ ఎక్స్‌పల్స్ 200 ఫోర్ వాల్వ్ 19 పీఎస్ ఇస్తోంది, ముందు 21 వెనక 18 అంగుళాల చక్రాలు, ర్యాలీ కిట్ వేస్తే సస్పెన్షన్ ట్రావెల్ ముందు 250 వెనక 220 మిల్లీమీటర్లు. 2025లో వచ్చిన ఎక్స్‌పల్స్ 210 అయితే 24 దాటింది. ఇంకా పాత కరిజ్మా వెతికి, ఇంపల్స్ వెతికి, రెండు పాత బళ్ళని కలిపి ఒక పాత బండి చేసుకోవడం దేనికి? పైగా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న దానికి విరుద్ధంగా బండి మార్చకూడదు, 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 ఫైనో, ఆరు నెలల దాకా జైలో, రెండూనో పడొచ్చు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాడికి చేతులెత్తేయడానికి అదొక్కటే చాలు.

ఇంట్లో ఆల్రెడీ ఇంపల్స్ ఉండి, దాని ఇంజన్ పూర్తిగా పోయి, పొలంలోనో ప్రైవేట్ ట్రాక్‌లోనో మాత్రమే తిప్పుతా అనుకుంటే చేసుకోండి. వైరింగ్, సీడీఐ, కార్బురేటర్ మొత్తం ఆ కరిజ్మావే తెచ్చుకోండి, సగం దీనివి సగం దానివి కలిపితే మెకానిక్ చుట్టూ తిరగడమే సరిపోతుంది, బండి తొక్కేది ఉండదు.